సీసా మీది పేరు మీదే అనిపించుకోవడం ఎలా: ట్రేడ్‌మార్క్ లాయరుతో పని చేయించుకునే పద్ధతి

ఇంట్లో కలిపిన ఆవకాయ నాలుగు సీసాలు అమ్మి, ఆర్డర్లు పెరిగాక లేబుల్ కొట్టించి, వాట్సాప్ దాటి ఆన్‌లైన్ అమ్మకాల దాకా వచ్చినవాళ్లు మన జిల్లాల్లో ఊరికొకరు కనిపిస్తారు. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు ఉంది, జీఎస్టీ ఉంది, కంపెనీ కూడా రిజిస్టరయింది కాబట్టి పేరు మనదేనని వీళ్లలో చాలామంది నమ్మకం. అది తప్పు. మొదటిది తిండి భద్రతకి, రెండోది పన్నుకి, మూడోది వ్యాపారానికి ఒక చట్టపరమైన రూపం ఇవ్వడానికి. సీసా మీది పేరు మరొకరు వాడకుండా ఆపే హక్కు ఈ మూడింటిలో దేనివల్లా రాదు. దానికి 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం వేరే ఉంది, ఆ చట్టం కింద పనిచేసే లాయర్లూ ఏజెంట్లూ వేరే ఉన్నారు.

ఇక్కడ పచ్చళ్లు, పొడుల వ్యాపారాన్నే ఉదాహరణగా తీసుకున్నాం. స్వీట్ షాపుకి, టిఫిన్ సెంటరుకి, చీరల కొట్టుకి కూడా వరస ఇదే, క్లాసు (సరుకుల, సేవల వర్గం) నంబర్లు మాత్రం మారతాయి.

ముందు పేరు సంగతి తేల్చుకోండి

లేబుల్ ప్రింటుకిచ్చాక లాయరు దగ్గరికి వెళ్లడం అందరూ చేసే పొరపాటు. పేరు ఖాయం కాకముందే వెళ్తే, ఒక గంట సలహాతో రెండేళ్ల తలనొప్పి తప్పుతుంది.

సరుకు గుణాన్నో ఊరినో చెప్పే పేరు ఎంత సొంపుగా ఉన్నా చట్టం ముందు బలహీనం. ‘ఆంధ్రా స్పెషల్ ఆవకాయ’, ‘కమ్మని రుచులు’ లాంటివి ఎవరైనా వాడుకోవలసిన మామూలు మాటలు కాబట్టి, సెక్షన్ 9 కింద అభ్యంతరం తప్పదు. దేవుళ్ల పేర్లదీ, ‘అమ్మ’, ‘ఇంటి వంట’ లాంటి మాటలదీ మరో ఇబ్బంది: ఇప్పటికే వందలమంది వాడుతుంటారు, రిజిస్ట్రేషన్ వచ్చినా పక్కవాణ్ణి ఆపేంత పట్టు ఉండదు. సరుకుతో సంబంధం లేని మాట మంచిది. పచ్చడికి ‘పిచ్చుక’ అని పెట్టారనుకుందాం. పిచ్చుకకీ పచ్చడికీ ఏ పొంతనా లేదు కాబట్టే ఆ పేరు గట్టిది.

భౌగోళిక గుర్తింపు ఉన్న పేర్ల జోలికి అసలు వెళ్లకండి. బందరు లడ్డు, బనగానపల్లె మామిడి, ఆత్రేయపురం పూతరేకులు, పోచంపల్లి ఇక్కత్ వంటివి ఆ ప్రాంతంలో తయారుచేసేవాళ్లందరి ఉమ్మడి ఆస్తి. ఒక్కరి ట్రేడ్‌మార్కుగా వాటిని రిజిస్టరు చేయకూడదని భౌగోళిక సూచికల చట్టం సెక్షన్ 25 చెబుతుంది. మీరు నిజంగా ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టేవారైతే, ఆ పేరు వాడుకునే హక్కున్న అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోవచ్చు. దాని పక్కన మీ సొంత బ్రాండు పేరు వేరే పెట్టుకోవాలి.

ఇంటిపేరు, కులనామం పెట్టుకుంటే ఎవరూ కాదనరన్న ధీమా కూడా వద్దు. సొంత పేరును నిజాయితీగా వాడుకునే వ్యక్తికి సెక్షన్ 35 కొంత రక్షణ ఇస్తుంది గానీ కోర్టులు దాన్ని ఇరుకుగానే చదువుతాయి. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ ‘రెడ్డి’ పేరుతో ఉన్న మరో మందుల కంపెనీ మీద వేసిన కేసులో 2004లో ఢిల్లీ హైకోర్టు, అవతలి కంపెనీ చెప్పిన ‘మా డైరెక్టరు ఇంటిపేరే కదా’ అన్న వాదనని ఒప్పుకోలేదు.

వెతకడం: లాయరు చేసేది, మీరే చేయగలిగేది

ట్రేడ్‌మార్కులు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం నడిపే ఐపీ ఇండియా వెబ్‌సైటులో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్ ఉచితం. లాయరుకి డబ్బు కట్టకముందే మీరే ఒకసారి చూసుకోవచ్చు. క్లాసు నంబరు ఇచ్చి, పేరు సరిగ్గా అలాగే ఉన్నవి మాత్రమే చూస్తే చాలదు. ‘ఈ అక్షరాలు ఉన్నవి’ అనే పద్ధతిలోనూ, ఉచ్చారణ దగ్గరగా ఉన్నవి చూపే ఫొనెటిక్ పద్ధతిలోనూ వెతకాలి.

తెలుగు పేర్లకి అసలు చిక్కు ఇంగ్లీషు స్పెల్లింగు. ‘పిచ్చుక’ని ఒక సీతో, రెండు సీలతో, మధ్యలో టీ పెట్టి, చివర ఇంకో ఏ తగిలించి, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు రాస్తారు. నాలుగైదు రకాలుగా వెతికితే గానీ అసలు సంగతి తెలియదు. అర్థాన్ని కూడా వదలొద్దు: అదే క్లాసులో హిందీ మాటతోనో ఇంగ్లీషు మాటతోనో పిచ్చుక పేరు, పిచ్చుక బొమ్మ ఎవరికైనా ఉంటే, అప్లికేషన్‌ని పరిశీలించే పరీక్షాధికారి దాన్ని మీకు అడ్డు చూపించవచ్చు. బొమ్మలని వియన్నా కోడ్ అనే అంకెల పద్ధతిలో వెతుకుతారు, ఆ పని లాయరుకి వదిలేయడం మేలు.

ఎంత పోలిక ఉంటే ప్రమాదం? రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కపెట్టడం పద్ధతి కాదు. పేరు లీలగా గుర్తున్న మామూలు కొనుగోలుదారు పొరబడతాడా అన్నది చూస్తారు. అమృతధార, లక్ష్మణధార అనే రెండు మందుల కేసులో 1962లో సుప్రీంకోర్టు ఈ కొలతతోనే రెండూ పొరబడేంత దగ్గరగా ఉన్నాయంది. ఆ కేసుకి ఇంకో మలుపుంది, దాన్ని కింద చెబుతాం.

వెతికినవన్నీ తెరపట్టు (స్క్రీన్‌షాట్) తీసి, తేదీతో దాచండి. రేపు ఎవరైనా ‘మా పేరు తెలిసే కాపీ కొట్టారు’ అంటే, ఆ రోజుకి అలాంటి పేరు మీకు కనిపించలేదనడానికి అది ఆధారం.

లాయర్ని పెట్టుకునేటప్పుడు అడగవలసినవి

ట్రేడ్‌మార్కు అప్లికేషన్ మీ అంతట మీరే పెట్టుకోవచ్చు, రిజిస్టరైన ట్రేడ్‌మార్క్ ఏజెంటుతో పెట్టించుకోవచ్చు, అడ్వకేటుతోనూ పెట్టించుకోవచ్చు. రేపు కోర్టుదాకా వెళ్తే ఏజెంటు వాదించలేడు, అడ్వకేటే కావాలి. మన రెండు రాష్ట్రాల అప్లికేషన్లూ చెన్నైలోని ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ (నమోదు కార్యాలయం) పరిధిలోకి వస్తాయి. ఫైలింగ్ ఆన్‌లైన్, హియరింగులు వీడియోలో జరుగుతాయి కాబట్టి లాయరు చెన్నైలోనే ఉండాలనేమీ లేదు.

ఫీజు మాట్లాడేటప్పుడు ప్రభుత్వ ఫీజు వేరుగా, లాయరు ఫీజు వేరుగా రాయించుకోండి. ఆన్‌లైన్లో పెడితే ప్రభుత్వ ఫీజు ఒక్కో క్లాసుకి వ్యక్తులకి, స్టార్టప్‌లకి, చిన్న పరిశ్రమలకి 4,500 రూపాయలు, మిగతావాళ్లకి 9,000. సొంత పేరు మీద వ్యాపారం చేసే వ్యక్తికి 4,500 చాలు. భాగస్వామ్య సంస్థకి, కంపెనీకి ఈ తగ్గింపు రావాలంటే చిన్న పరిశ్రమగా నమోదైనట్టు చూపే ఉద్యం సర్టిఫికెట్టో, స్టార్టప్ గుర్తింపు పత్రమో అప్లికేషన్‌తో జతచేయాలి. అందులోని పేరూ అప్లికేషన్లోని పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయి ఉండాలి.

‘అంతా కలిపి ఇంత’ అని చెప్పే చౌక ప్యాకేజీల్లో సాధారణంగా అప్లికేషన్ పెట్టడం వరకే ఉంటుంది. అభ్యంతరానికి జవాబు, హియరింగు, ఎవరైనా వ్యతిరేకిస్తే దాని పని, వీటికి ఎంతెంత అని ముందే అడగండి. ఇంకో సంగతి: రిజిస్ట్రీ నుంచి వచ్చే ఈమెయిళ్లన్నీ అప్లికేషన్లో ఇచ్చిన చిరునామాకే పోతాయి, అది మామూలుగా లాయరుది. ఆయన చూడకపోతే గడువు మీది పోతుంది. అప్లికేషన్ నంబరు తీసుకుని నెలకొకసారి వెబ్‌సైటులో స్టేటస్ మీరే చూసుకోండి. అయిదు నిమిషాల పని.

హక్కు ఎవరి పేరు మీద?

కుటుంబ వ్యాపారాలు ఎక్కువగా ఇక్కడే చిక్కుల్లో పడతాయి. వంటకం అత్తగారిది, పెట్టుబడి పెద్దకొడుకుది, అమ్మకం చిన్నకొడుకుది, అప్లికేషన్ మాత్రం కంప్యూటరు తెలిసిన అల్లుడి పేరు మీద. పదేళ్ల తర్వాత పంపకాల్లో పొలాలు, షాపులు కాగితం మీద పంచుకుంటారు, బ్రాండు పేరు ఊసెత్తరు. ఆ తర్వాత అందరూ అదే పేరుతో బోర్డులు పెడతారు. అప్లికేషన్ పెట్టే రోజునే పేరు ఎవరిదో తేల్చండి. మిగతావాళ్లు వాడుకుంటుంటే రాతపూర్వకంగా అనుమతి ఒప్పందం రాయించండి. ఏ సరుకులకి, ఏ ఊళ్లలో, నాణ్యత ఎవరు చూస్తారు, అనుమతి ఎప్పుడు రద్దవుతుంది అన్నవి అందులో ఉండాలి. భాగస్వామ్యమైతే, విడిపోతే పేరు ఎవరికన్నది డీడ్‌లోనే ఒక వాక్యంగా రాయాలి.

లోగో గీసినవాళ్ల సంగతి కూడా ఇప్పుడే చూడండి. బయటి డిజైనరుకి డబ్బిచ్చినంత మాత్రాన ఆ బొమ్మ మీద కాపీరైటు మీకు వచ్చేసిందని ధీమాగా ఉండొద్దు. సంతకంతో బదిలీ పత్రం రాయించుకోవాలి. అందులో కాలం రాయకపోతే కాపీరైటు చట్టం సెక్షన్ 19 ప్రకారం అయిదేళ్లే అనీ, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అనీ లెక్క. ‘పూర్తి కాపీరైటు కాలానికి, ప్రపంచమంతటికీ’ అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది.

అప్లికేషన్ నింపడం

ఫారం పేరు టీఎం-ఏ. లాయరు పెడుతుంటే మీరు సంతకం చేసిన అధికార పత్రం కూడా ఉండాలి. నింపేటప్పుడు నాలుగు చోట్ల తప్పులు దొర్లుతాయి.

ఒకటి, క్లాసు. మొత్తం 45 క్లాసులు. 34 దాకా సరుకులు, ఆ పైన సేవలు. ఊరగాయలు, నెయ్యి 29లో, కారప్పొడులు, మసాలాలు, స్వీట్లు 30లో, హోటలు 43లో. ఇతరుల సరుకు కూడా అమ్మే షాపైతే 35. పచ్చళ్లు, పొడులు రెండూ చేసేవారికి రెండు క్లాసులు, అంటే 9,000. ఒక్క 30లోనే పెట్టేసి పచ్చళ్లు వదిలేయడం తరచు జరిగే తప్పు.

రెండు, సరుకుల జాబితా. దురాశకి పోయి క్లాసులో ఉన్నవన్నీ రాయించొద్దు. హైదరాబాదు వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీకి ‘చార్మినార్’ పేరు తయారైన పొగాకు సరుకులన్నిటికీ రిజిస్టరై ఉండేది, చేసేది మాత్రం సిగరెట్లే. జర్దా, కివాం అమ్మే మరో వ్యాపారితో వచ్చిన వివాదం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. చేయని సరుకుల మీద గుత్తాధిపత్యం కుదరదని 1996లో కోర్టు ఆ రిజిస్ట్రేషన్‌ని సిగరెట్లకే పరిమితం చేయడాన్ని సమర్థించింది. ఇప్పుడు చేస్తున్నవి, రెండు మూడేళ్లలో చేయబోయేవి రాయండి, చాలు.

మూడు, వాడకం తేదీ. ఇంతకుముందు నుంచీ అమ్ముతుంటే మొదటి అమ్మకం తేదీ చెప్పి, దానికి అఫిడవిట్టూ ఆధారాలూ జతచేయాలి. ఇంకా మొదలు కాకపోతే ‘వాడబోతున్నాం’ అని పెట్టాలి. తాతగారు 1965లోనే ఊరగాయ అమ్మారని గొప్పకి రాస్తే, దాన్ని నిరూపించే బిల్లు మీ దగ్గర ఉండాలి. ప్రమాణం చేసి రాసిన తేదీ తప్పని తేలితే మిగతా మాటలు కూడా కోర్టు నమ్మదు. అవతలి లాయరు ముందుగా గీకి చూసేది ఇక్కడే.

నాలుగు, పేరా, బొమ్మా? డబ్బు ఒకదానికే ఉంటే ముందు అక్షరాల పేరు మాత్రమే రిజిస్టరు చేయించండి, అది ఏ డిజైన్లో రాసినా వర్తిస్తుంది. పేరు బలహీనమైనదైతే మాత్రం లోగోతో కలిపి పెట్టమని లాయరు చెబుతాడు. రిజిస్ట్రేషన్ సులువుగా వస్తుంది గానీ, రక్షణ ఆ బొమ్మ మొత్తానికి, అందులోని మాటకి కాదు. దీన్ని దాచిపెట్టి ‘రిజిస్ట్రేషన్ గ్యారంటీ’ అనేవాళ్లుంటారు, జాగ్రత్త. లోగో నలుపు తెలుపుల్లో ఇస్తే అన్ని రంగులకీ వర్తిస్తుంది. తెలుగు అక్షరాలు ఉంటే వాటి ఉచ్చారణ, అర్థం కూడా రాసివ్వాలి.

అప్లికేషన్ నంబరు రాగానే పేరు పక్కన ‘టీఎం’ అని వేసుకోవచ్చు, నిజానికి దానికి అప్లికేషన్ కూడా అక్కర్లేదు. వృత్తంలో ‘ఆర్’ గుర్తు మాత్రం సర్టిఫికెట్ చేతికొచ్చాకే. ముందే వేస్తే సెక్షన్ 107 కింద తప్పు. లేబుళ్లు లక్ష కొట్టించి ఇరుక్కోకండి.

అభ్యంతరం వచ్చిందంటే

పరీక్షా నివేదికలో అభ్యంతరం రావడం మామూలే, భయపడనక్కర్లేదు. కానీ నివేదిక అందిన 30 రోజుల్లో జవాబు వెళ్లాలి, లేకపోతే అప్లికేషన్ వదులుకున్నట్టే. లాయరుకి ఫీజు కట్టినందుకు అసలు ఫలితం కనిపించేది ఇక్కడే.

సెక్షన్ 9 అభ్యంతరమైతే, పేరు మామూలు మాట కాదని, లేదా ఏళ్ల వాడకంతో జనానికి అది మీ సరుకుగానే తెలుసని చూపాలి. దానికి ఏడాదివారీ అమ్మకాల లెక్క సీఏ సంతకంతో, ప్రకటన ఖర్చులు, పత్రికల్లో వచ్చిన వార్తలు కావాలి. సెక్షన్ 11 అయితే, ముందే ఉన్న పోలిన మార్కుల జాబితా ఇస్తారు. మంచి లాయరు వాటిని ఒక్కొక్కటిగా విప్పుతాడు: ఇది వదిలేసిన అప్లికేషన్, దీనికి రెన్యువల్ పోయింది, వీళ్ల సరుకు వేరు, వీళ్లతో మాట్లాడి అనుమతి లేఖ తెచ్చుకోవచ్చు. పాత తీర్పులు పది పేజీలు అతికించి, మీ పేరు చోట వేరే క్లయింటు పేరు మిగిలిపోయిన జవాబులు కూడా ఫైలవుతుంటాయి. పంపే ముందు చిత్తుప్రతి అడిగి చదవండి.

జవాబుతో తృప్తి పడకపోతే హియరింగు వేస్తారు. ఆ రోజు ఎవరూ హాజరు కాకపోతే, ఇంతవరకూ పెట్టిన ఖర్చంతా వృథా అయినట్టే.

జర్నల్లో వచ్చాక నాలుగు నెలలు

ఆమోదించిన మార్కుని ట్రేడ్‌మార్క్స్ జర్నల్లో ప్రచురిస్తారు. ఆ తేదీ నుంచి నాలుగు నెలల్లోగా ఎవరైనా టీఎం-ఓ ఫారంతో వ్యతిరేకించవచ్చు, ఫీజు ఆన్‌లైన్లో క్లాసుకి 2,700. మీ మీద అలా వస్తే, నోటీసు అందిన రెండు నెలల్లో ప్రతివాదన దాఖలు చేయాలి. ఈ గడువు పెరగదు. దాటితే అప్లికేషన్ పోయినట్టే. ఆ తర్వాత ఆధారాలు వాళ్లకి రెండు నెలలు, మీకు రెండు నెలలు, మళ్లీ వాళ్ల జవాబుకి ఒక నెల. పెద్ద కంపెనీలు చిన్నవాళ్ల మీద వ్యతిరేకత వేసేది చాలాసార్లు బేరానికే. ‘ఫలానా సరుకు జాబితా నుంచి తీసేయండి, లోగో రంగు మార్చండి, వెనక్కి తీసుకుంటాం’ అంటారు. మీకు నష్టం లేనిదైతే రాసుకుని బయటపడండి, పట్టుదలకి పోవలసిన చోటు కాదు.

ఇదే దారి మీకూ ఆయుధం. జర్నల్ వారం వారం వస్తుంది. అందులో మీ పేరుకి దగ్గరగా ఏదైనా వచ్చిందా అని చూసిపెట్టే పనిని లాయర్లు ఏడాదికి ఇంత అని ఒప్పుకుంటారు. పోలిన పేరుని జర్నల్ దశలోనే అడ్డుకోవడం, తర్వాత కోర్టులో ఆపడం కన్నా ఎన్నో రెట్లు చౌక.

మీ వివరాలు అందరికీ కనిపిస్తాయి కాబట్టి, ‘ప్రచురణ ఫీజు కట్టండి’ అంటూ ప్రభుత్వ ముద్ర పోలిన ఉత్తరాలు, ఫోన్లు రావచ్చు. లాయర్ని అడగకుండా రూపాయి కూడా కట్టొద్దు.

సర్టిఫికెట్ కన్నా విలువైన ఫైలు

తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా పేరు మీద నడిచిన వివాదంలో 2015లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ముందు నుంచీ వాడుతున్నవాడి హక్కు, తర్వాత వచ్చి రిజిస్టరు చేయించుకున్నవాడి హక్కు కన్నా మిన్న. అంటే కోర్టులో గెలిపించేది తేదీలు. తేదీలని నిలబెట్టేది కాగితాలు. సర్టిఫికెట్ పోతే నకలు తెచ్చుకోవచ్చు, 2014 నాటి మొదటి బిల్లు పోతే మళ్లీ పుట్టదు.

లేబుల్ ప్రింటింగ్ ప్రెస్సు బిల్లు, ప్రతి డిజైన్ మార్పుకీ ఒక ఖాళీ లేబుల్, మొదటి ఏడాది అమ్మకాల బిల్లులు, కొరియర్ రసీదులు, ఎగ్జిబిషన్ స్టాలు అద్దె రసీదు, ప్రకటన వచ్చిన పేపరు పూర్తి పేజీ, డొమైన్ కొన్న ఈమెయిలు, ఇవన్నీ ఏడాదికొక కవరులో పెట్టండి. ఒక్క షరతు: బిల్లు మీద బ్రాండు పేరు కనిపించాలి. ‘పచ్చడి 250 గ్రాములు, 12 సీసాలు’ అని మాత్రమే ఉంటే అది మీరు పచ్చడి అమ్మారని చెబుతుంది, ఆ పేరుతో అమ్మారని చెప్పదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేరులో సరుకు పేరు ముందు బ్రాండు పేరు కలపండి, ఇవాళే.

మీ పేరు ఎవరో వాడుతున్నారని తెలిస్తే

వెంటనే ఫోను చేసి తిట్టాలనిపిస్తుంది. చేయొద్దు. సరుకు దాచేస్తారు, పేజీ తీసేస్తారు, మళ్లీ ఇంకో పేరుతో తెరుస్తారు. ముందు ఆధారం.

వేరే మనిషితో సరుకు కొనిపించండి, బిల్లు తప్పనిసరి. రెండు మూడు చోట్ల, వేర్వేరు రోజుల్లో కొంటే మేలు. సీల్ తీయకుండా ఆరు వైపులా ఫొటోలు తీయండి, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కనపడాలి. ఆ నంబరుతో లైసెన్సు ఎవరి పేరుతో ఉందో ఆరా తీయవచ్చు. ఆన్‌లైన్లో అయితే పేజీ చిరునామా, తేదీ కనిపించేలా తెరపట్టు తీయండి. ఇది కోర్టుకి పనికిరావాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అందులో మీ భాగం ఒకటి, నిపుణుడి భాగం ఒకటి, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ అనే అంకె కూడా ఉండాలి. తీసిన ఫోను మార్చేయకండి, అమ్మేయకండి.

తర్వాత లాయరు ముందు మూడు దారులు ఉంటాయి.

తేలికైనది ఫిర్యాదు. అమ్మకాల వెబ్‌సైట్లు, సామాజిక మాధ్యమాలు మేధోహక్కుల ఫిర్యాదుకి ఫారాలు పెట్టాయి, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే పని చురుగ్గా సాగుతుంది. మీ బ్రాండు పేరుతో డొమైన్ తీసుకున్నవాళ్లని కూడా ఆపవచ్చు. డొమైన్ పేరుకి కూడా ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండోది లాయరు నోటీసు. అందులో మీ రిజిస్ట్రేషన్ నంబరు, వాడకం తేదీ, వాళ్లు చేస్తున్నదేమిటి, ఏం ఆపాలి, మిగిలిన సరుకు ఏం చేయాలి, ఎన్ని రోజుల్లో అన్నవి ఉండాలి. రిజిస్ట్రేషన్ లేకుండా, ఆధారం లేకుండా బెదిరింపు నోటీసు పంపితే సెక్షన్ 142 కింద వాళ్లే మీ మీద దావా వేయవచ్చు. అవతలివాడు మీకన్నా ముందు నుంచీ వాడుతున్నాడేమో కూడా నోటీసుకి ముందే చూసుకోవాలి. అలా అయితే సెక్షన్ 34 అతన్ని కాపాడుతుంది, పైగా మీ రిజిస్ట్రేషన్ కిందికే నీళ్లొస్తాయి.

మూడోది దావా. రిజిస్టరైన మార్కుకి పెద్ద సౌకర్యం ఏమిటంటే, మీరు వ్యాపారం చేసే ఊరి కోర్టులోనే వేయవచ్చు, సెక్షన్ 134 ఆ వెసులుబాటు ఇస్తుంది. రిజిస్ట్రేషన్ లేకపోతే పాసింగ్ ఆఫ్ దావా (తన సరుకుని మీ సరుకుగా నమ్మించి అమ్ముతున్నాడన్నది) వేయాలి, దానికి అవతలివాడు ఉన్న చోటికో, నష్టం జరిగిన చోటికో వెళ్లాలి. అయితే మీ ఆఫీసు ఉన్న చోటే మోసం కూడా జరిగితే అక్కడే వేయాలి, దూరపు కోర్టుకి ఈడ్చడానికి కుదరదు. దావా విలువ 3 లక్షలు దాటితే వాణిజ్య కోర్టు. అక్కడ అత్యవసర ఉత్తర్వు అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి రావాలి, ఈ మెట్టు దాటవేసిన దావాని కోర్టు తిప్పికొడుతుంది.

తాత్కాలిక ఇంజంక్షన్‌కి, అంటే ఆ పేరు వాడొద్దని ఆపే ఉత్తర్వుకి, జడ్జి మూడు చూస్తారు: పైకి చూడగానే మీ కేసులో బలముందా, ఆపకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, తర్వాత డబ్బుతో పూడ్చలేని నష్టమా. అవతలివాళ్లని పిలవకుండానే ఉత్తర్వు ఇస్తే, దావా కాగితాలన్నీ వెంటనే వాళ్లకి పంపి, ఆ రోజో మర్నాడో కోర్టులో అఫిడవిట్ వేయాలి. గెలిచిన సంబరంలో ఇది మరిచిపోయి ఉత్తర్వు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. సరుకు మాయం చేస్తారన్న భయం ఉంటే అడ్వకేట్ కమిషనర్ని వేయమని అడగాలి, ఆయన గోదాముకి వెళ్లి లెక్కరాసి సీలు వేస్తాడు. ఎవరు చేస్తున్నారో తెలియకపోయినా దావా వేయవచ్చు. విదేశాల్లో ఆ తెలియని ప్రతివాదిని జాన్ డో అంటారు, మన కోర్టుల్లో ఆ పాత్రకి అశోక్ కుమార్ అని పేరు పెట్టారు.

ఇక ఆలస్యం సంగతి. ముందు చెప్పిన అమృతధార కేసులో పేర్లు దగ్గరగా ఉన్నాయన్న కోర్టే, లక్ష్మణధార వాడుతున్న సంగతి తెలిసి కూడా ఏళ్ల తరబడి ఊరుకున్నారని, ఉత్తరప్రదేశ్ వరకు ఆ పేరు రిజిస్ట్రేషన్‌ని నిలబెట్టింది. ఇప్పటి చట్టంలో రిజిస్టరైన పోటీ మార్కు వాడకాన్ని తెలిసీ అయిదేళ్లు వరసగా సహిస్తే, సెక్షన్ 33 ప్రకారం తర్వాత దాన్ని ఆపలేరు. బంధువే కదా అని మొహమాటపడే చోట కనీసం ఒక ఉత్తరమైనా రాసి కాపీ దాచుకోండి.

పోలీసు కేసు కూడా ఉంది. ట్రేడ్‌మార్క్ నేరానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. అయితే వారెంటు లేకుండా సోదా చేయాలంటే డీఎస్పీ స్థాయి అధికారి కావాలి, సోదాకి ముందు రిజిస్ట్రారు అభిప్రాయం కూడా తీసుకోవాలి. అందుకే అనుభవమున్న లాయర్లు లేబుల్ బొమ్మకి కాపీరైటు కూడా ముందే రిజిస్టరు చేయిస్తారు. ఫీజు 2,000 రూపాయలు, ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ నుంచి సర్టిఫికెట్ ఒకటి కావాలి. లేబుల్‌ని అచ్చుగుద్దినట్టు దించేసినవాడి మీద కాపీరైటు చట్టం కింద సబ్ ఇన్‌స్పెక్టరే వారెంటు లేకుండా ఆ నకళ్లని స్వాధీనం చేసుకోగలడు.

నోటీసు మీకే వస్తే

చెత్తబుట్టలో వేయొద్దు, కంగారుపడి క్షమాపణ రాసిచ్చేయొద్దు. వాళ్ల రిజిస్ట్రేషన్ ఇంకా బతికే ఉందా, మీ సరుకు వాళ్ల జాబితాలో ఉందా, మీ మొదటి బిల్లు వాళ్లకన్నా ముందుదా అన్నది లాయరుతో చూడండి. కర్ణాటక పాల సమాఖ్య ‘నందిని’, హోటళ్ల ‘నంధిని’ మధ్య కేసులో 2018లో సుప్రీంకోర్టు, సరుకులూ మార్కుల రూపాలూ వేరు కాబట్టి రెండూ ఉండవచ్చంది. అంటే పేరు కలిసినంత మాత్రాన తప్పు మీదే అనుకోనక్కర్లేదు. మీకు తెలియకుండా ఉత్తర్వు తెచ్చుకుంటారని అనుమానముంటే, వాళ్లు వేసే అవకాశమున్న కోర్టులో కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దనే అర్జీ) వేయించండి. అది 90 రోజులు పనిచేస్తుంది, తర్వాత మళ్లీ వేయాలి.

అమెరికాకి సీసాలు పంపేవారికి

ఇండియా రిజిస్ట్రేషన్ ఇండియా వరకే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మీ పచ్చళ్లు తెప్పించుకుని అమ్మే డిస్ట్రిబ్యూటరు అక్కడ మీ పేరుని తన పేరు మీద నమోదు చేసుకుంటే, విడదీయడానికి అక్కడి లాయరుకి డాలర్లలో కట్టాలి. పంపిణీ ఒప్పందంలోనే ‘బ్రాండు మాది, ఏ దేశంలోనూ మీ పేరు మీద రిజిస్టరు చేయకూడదు’ అని రాయించండి. ఇక్కడ అప్లికేషన్ పెట్టిన ఆరు నెలల్లో అక్కడ పెడితే ఇక్కడి తేదీయే లెక్కలోకి వస్తుంది. అమెరికా బయట ఉండేవాళ్లు 2019 ఆగస్టు నుంచి అక్కడి లైసెన్సు ఉన్న లాయరు ద్వారానే నడపాలి. 2025 జనవరి నుంచి మూల ఫీజు క్లాసుకి 350 డాలర్లు. ఒకేసారి చాలా దేశాలు కావాలంటే, ఒకే అప్లికేషన్‌తో పలు దేశాల్లో రక్షణ కోరే మాడ్రిడ్ పద్ధతి ఉంది, 2013 నుంచి అందులో ఇండియా కూడా ఉంది. కాకపోతే మొదటి అయిదేళ్లలో ఇక్కడి అప్లికేషన్ కూలితే అక్కడివీ దాంతోపాటే పోతాయి.

పదేళ్లకొకసారి

రిజిస్ట్రేషన్ పదేళ్లు, లెక్క సర్టిఫికెట్ తేదీ నుంచి కాదు, అప్లికేషన్ తేదీ నుంచి. గడువుకి ఏడాది ముందు నుంచీ టీఎం-ఆర్ ఫారంతో పొడిగించుకోవచ్చు, ఆన్‌లైన్లో క్లాసుకి 9,000, ఇక్కడ చిన్నవాళ్లకి తగ్గింపు లేదు. గడువు దాటిన ఆరు నెలల వరకు 4,500 అదనం, ఆ తర్వాత ఏడాది నిండేలోగా పునరుద్ధరణకి దరఖాస్తు. అదీ దాటితే మళ్లీ మొదటి నుంచి. వరసగా అయిదేళ్లు ఆ పేరుతో సరుకు అమ్మకపోయినా ఎవరైనా రద్దు కోరవచ్చు. పొడులు ఆపేసి పచ్చళ్లే చేస్తున్నారంటే, 30వ క్లాసు రెన్యువల్‌కి డబ్బు కట్టే ముందు ఆ సంగతి లాయరుకి చెప్పండి.